ఇల్లిడిసి పోయినోడు ఏ ఆట ఆడతడు

"పెద్దాట గొప్పదా, చిన్నాట గొప్పదా" అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా షాపు బల్ల మీద ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు అదే పంచాయితీ పెట్టారు. ఒకడు పెద్దాటలో తుపాకులు బాగుంటాయంటాడు, ఇంకొకడు చిన్నాటలో బొమ్మలు బాగుంటాయంటాడు. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా గొంతులు చించుకున్నారు. చివరికి తీర్పు నన్ను చెప్పమన్నారు. "రెండూ దండుగే, లేవుండ్రి, గిరాకి టైం" అని కసిరాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. అదే బల్ల మీద, అదే ప్రశ్నతో ఒకామె రెండేళ్ళపాటు వచ్చి కూర్చుంది. ఆమె చనిపోయి ఏడాది దాటింది. ఆ మాట ఎవరన్నా నాకు మాత్రం ఆమె గొంతే వినిపిస్తుంది.

మాది మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది. స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నాది. పగిలిన అద్దాలు మార్చడం, చార్జింగ్ ఎక్కని ఫోన్ల మూతిలోంచి దుమ్ము ఊదడం, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళను తిట్టడం నా పని. నా షాపులో వైఫై ఉందన్న సంగతి ఊరందరికీ తెలుసు. అందుకని గిరాకీ ఉన్నా లేకున్నా ఆ బల్ల మాత్రం ఖాళీగా ఉండదు.

ఆ రెండు ఆటలకూ అసలు పేర్లు వేరే ఉన్నాయి. మా దగ్గర పెద్దాట, చిన్నాట అనే అంటారు. రెండింట్లోనూ సంగతి ఒకటే. విమానంలోంచి ఒక దీవి మీదికి దూకాలి, తుపాకీ వెతుక్కోవాలి, ఒకరినొకరు కాల్చుకుంటూ పోగా ఆఖరున మిగిలినవాడు గెలిచినట్టు. పెద్దాటకు కాస్త మంచి ఫోను కావాలి, అరగంట పడుతుంది. చిన్నాట చవక ఫోన్లలోనూ నడుస్తుంది, చప్పున అయిపోతుంది. నడుమ సర్కారు పెద్దాటను ఆపేసింది. పిల్లలు చాలామంది చిన్నాటకు మారారు. తర్వాత పెద్దాట ఇంకో పేరుతో తిరిగొచ్చింది. కొందరు వెనక్కి పోయారు, కొందరు పోలేదు. అప్పటినుంచీ ఈ పంచాయితీ తెగలేదు. రెండు ఆటలూ ముక్కూ మొహం తెలియని నలుగురిని ఒక జట్టుగా కట్టి దింపుతాయి. మైకు పెట్టుకుంటే ఆ నలుగురూ మాట్లాడుకోవచ్చు. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఆమె మొదటిసారి, వారం వారం జరిగే అంగడి రోజున వచ్చింది. గూడూరు అవతల అడవి అంచు పల్లె వాళ్ళది. సన్నటి మనిషి, మిరపకాయలు ఏరి ఏరి బిరుసెక్కిన వేళ్ళు. మాట్లాడే ముందు ఆ వేళ్ళను కొంగుకు ఒకసారి తుడుచుకునేది. ఫోనులో ఏదో పాడయిందేమోనని చేయి చాపాను, ఇవ్వలేదు. బల్ల చివర ఒదిగి కూర్చుని, అప్పటికే రాజుకున్న వాదనను వినసాగింది. ఆటో నడిపే కుర్రాడొకడు పెద్దాట తరఫున, మిగతావాళ్ళు చిన్నాట తరఫున. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపు మొహం తిప్పుతూ, పెద్దమనుషుల పంచాయితీలో తన భూమి తగాదా నడుస్తున్నంత శ్రద్ధగా వింది.

"ఏది గొప్పదో తేలిందా బిడ్డా?" అని చివరికి అడిగింది.

వాళ్ళు పకపకా నవ్వారు. "నీకెందుకు పెద్దమ్మా? నువ్వాడతవా ఏంది?" అన్నాడు ఆటో కుర్రాడు.

"నాకు గావాలె. ఆ తుపాకులు, గీ బొమ్మలు నాకద్దు. ఇల్లిడిసి పోయినోడు ఏ ఆట ఆడతడు? గది చెప్పుండ్రి."

ఒకడు "చిన్నాటనే పెద్దమ్మా, చేతిల మంచి ఫోన్ ఉండది గదా" అన్నాడు. ఆటో కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "పెద్దాట అలవాటైనోడు చిన్నాటల ఉండలేడు. కడుపు మాడ్చుకొనన్న మంచి ఫోన్ కొంటడు" అన్నాడు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. ఆమె పరేషాన్ అయిపోయి నా వైపు చూసింది.

వాళ్ళందరూ వెళ్ళాక నాకు కథ చెప్పింది. ఒక్కడే కొడుకు. ఇంటర్ దాటి ఇంటిపట్టున ఉన్నాడు, పొద్దస్తమానం ఆట. రెండూ ఆడేవాడు. ఆ రోజు వాళ్ళ బర్రె ఈనడానికి ఉంది. నొసటి మీద తెల్ల మచ్చ ఉంటుందని దాన్ని సుక్క అని పిలుస్తారు. ఈమె తోటకు పోతూ, కనిపెట్టుకుని ఉండమని కొడుక్కి చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దూడ సగం బయటికి వచ్చి, అక్కడే చిక్కుకుని చచ్చిపోయి ఉంది. కొట్టం పక్కనే మంచం మీద కొడుకు ఉన్నాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. బర్రె అరుపు వాడికి వినపడనే లేదు.

"ఫోన్ గుంజుకొని బాయిల ఇసిరేసిన తమ్మీ. వాని చెయ్యి వట్టి నా నెత్తి మీద పెట్టుకున్న. మళ్ళ ఆట ముట్టనని ఒట్టెయ్యమన్న. ముట్టినవా, నేను సచ్చిపోయినట్టే అన్న. ఏడ్చిండు. ఒట్టేసిండు. తెల్లారి లేసి చూస్తే లేడు."

మా వైపు తల మీద చేయి పెట్టించుకునే ఒట్టు ఆషామాషీ కాదు. అది తప్పితే ఆ తల ఎవరిదో వాళ్ళకే కీడని పెద్ద చదువులు చదివినవాళ్ళకు కూడా లోపల బెరుకు ఉంటుంది. నేను ఉండబట్టలేక అడిగాను. "ఒట్టేసినోడు మళ్ళ ఎందుకు ఆడతడక్కా?"

"తప్పిండనే అనుకుంటున్న. తప్పితెనే గదా నాకు దొరికేది." వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. "తప్పితె నేను పోత. పోనియ్యి. వాడు దొరికినంక పోత."

అప్పటికి వాడు పోయి ఏడాది కావస్తోంది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు, చుట్టాల ఊళ్ళన్నీ తిరిగారు, సోది చెప్పించారు. భర్త మంచివాడే, కానీ మాట తక్కువ. ఆకలైతే వాడే వస్తాడని పొలం పనుల్లో పడిపోయాడు. ఊళ్ళో జతగాళ్ళ ఫోన్లలో వాడి పాత ఆటపేరు అట్లాగే ఉంది. చాలా కాలంగా ఆటలోకి రాలేదని అక్కడ చూపిస్తోంది. "కొత్త పేరు పెట్టుకొని ఉంటడు, ఆడకుండ ఉంటడా వాడు" అన్నారు ఆ జతగాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. ఆడేవాళ్ళ సంగతి నేను రోజూ చూస్తున్నదే కదా.

ఆమె ఫోను చవక రకం. రెండు ఆటలకూ అందులో జాగా లేదు. మెమరీ కార్డు వేసినా ఆ ఫోను ఆటను కార్డు మీదికి పోనిచ్చేది కాదు. ఒకటి ఎక్కించాలంటే ఇంకొకటి తీసేయాలి. అందుకే ఆ ప్రశ్న ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. తాను పెద్దాటలో ఉన్న వారం కొడుకు చిన్నాటలో ఉంటే ఏం గాను? ఒక పాత ఫోను ఉంది, అది కూడా ఇస్తాను తీసుకొమ్మన్నాను. "రెండు ఫోన్లున్నా చెవులు నాయి గీ రెండే గదా తమ్మీ. ఒకదాంట్లనే మనసు వెట్టి ఇనాలె" అంది.

మొదట చిన్నాట ఎక్కించాను. ఆటలో ఏం పేరు పెట్టుకుంటావని అడిగాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం, అదే పెట్టుకోమన్నాను. "అవ్వలు మస్తుమంది ఉంటరు. సుక్క అని పెట్టు. గది మా ఇంట్లోళ్ళకే ఎరుక" అంది. సుక్క అంటే ఇంకెవరో అనుకుంటాడేమో అని తనకే అనుమానం వచ్చి, సుక్కబర్రె అని పెట్టించింది. అలా మానుకోట ఏరియాలో ఒక బర్రె తుపాకీ యుద్ధంలోకి దిగింది. నవ్వొచ్చే సంగతే. మేమూ నవ్వాం.

ఫోను ఆమె వేళ్ళను గుర్తుపట్టేది కాదు. ఎంత నొక్కినా బొమ్మ కదిలేది కాదు. గ్లాసులో నీళ్ళు పక్కన పెట్టుకుని, వేలు ముంచి, కొంగుకు అద్ది, అప్పుడు నొక్కేది. ఆట మొదలయ్యే ముందు చెప్పులు విడిచి బల్ల కిందికి తోసేది. ఫోనును రెండు చేతులా చాట పట్టుకున్నట్టు పట్టుకునేది. విమానం దీవి మీదికి రాగానే "ఏడ మంది ఎక్కువ దుంకుతున్నరో గాడ దుంకియ్యి" అని పక్కనున్నవాడిని బతిమాలేది. అందరూ గుంపుగా దిగేచోట దిగితే తొందరగా చస్తారు, ఆడేవాళ్ళకు అది మొదటి పాఠం. ఆమెకు చావు సంగతి పట్టదు, మనుషులు కావాలి. తుపాకీ మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"కొట్టు పెద్దమ్మా, ఎదురుంగ ఉన్నడు, కొట్టు!" అని కుర్రాళ్ళు అరిచేవాళ్ళు.

"ఎవల కొడుకో ఏందో" అనేది.

రెండు ఆటల్లోనూ ఒక సదుపాయం ఉంది. జట్టులోవాడు దెబ్బ తిని పడిపోతే వెంటనే చావడు, కాసేపు పాకుతూ ఉంటాడు. ఆలోగా తోటివాడు పోయి పక్కన కూర్చుంటే లేస్తాడు. ఆమె నేర్చుకున్న ఆట అదొక్కటే. జట్టులో ఎవడు పడ్డా, గుండ్లు ఎటునుంచి వస్తున్నా, తిన్నగా వాడి దగ్గరికి పోయి కూర్చునేది. "లే బిడ్డా, లే" అంటుండగా సగంసార్లు తానూ చచ్చేది. కొన్నాళ్ళకు మా బల్ల మీది కుర్రాళ్ళు "పెద్దమ్మను మన టీంల వేసుకుందాం, పడ్డోళ్ళను లేపుతది" అని పోటీ పడ్డారు. ఆమె ఒప్పుకోలేదు. తెలిసినవాళ్ళతో ఆడితే తెలియని గొంతులు ఎక్కడ వింటుంది?

మైకులో ఆమె చెప్పే మాటలు ఎప్పుడూ అవే. "బిడ్డా, నేను సుక్కోళ్ళ ఇంటినుంచి మాట్లాడుతున్న. సుక్క మళ్ళ ఈనింది. పెయ్యదూడ. మంచిగున్నది." అవతల ఎవరెవరో ఉండేవాళ్ళు. హిందీ వాళ్ళు ఏమీ అర్థంకాక ఊరుకునేవాళ్ళు. కోస్తా వైపు కుర్రాళ్ళు దొరికితే మాత్రం పండగే, "గిట్లనా పెద్దమ్మా, గట్లనా పెద్దమ్మా" అని ఆమె మాటను సాగదీసి వెక్కిరించేవాళ్ళు. ఒకసారి నాకు మండి, ఫోను లాక్కుని వాళ్ళను నాలుగు తిట్టాను. ఆమె నా చేతిలోంచి మెల్లగా ఫోను తీసుకుంది.

"నవ్వనియ్యి తమ్మీ. నవ్వితే గొంతు ఇనవడ్తది గదా."

ప్రతి అంగడికీ వచ్చేది. "ఇయ్యాల గిది తీసి గది ఎక్కియ్యి" అనేది. నేను ఆట తీసేస్తుంటే ఆ కాసేపూ ఫోను వైపు చూడలేక రోడ్డు వైపు తిరిగి కూర్చునేది. తీసేసిన మరుక్షణమే వాడు అందులోకి వస్తాడేమో అన్న భయం. రెండు ఆటలూ ఎరిగినవాళ్ళను నేను చాలామందిని చూశాను కానీ, ఆమెలాగా తూకం వేసినవాళ్ళను చూడలేదు. పెద్దాటలో నడక ఎక్కువ, తుపాకీ దొరికాక మనుషులు తీరికగా ముచ్చట్లు పెడతారు, కనుక గొంతు బాగా వినవచ్చు. చిన్నాట చప్పున అయిపోతుంది కనుక ఒక పూటలో ఎక్కువమంది తగులుతారు. "పెద్దాటల మాటలెక్కువ, చిన్నాటల మనుషులెక్కువ. ఏం జెయ్యాలె తమ్మీ?" అని అడిగేది. నిజం చెప్పాలంటే, ఆమె వచ్చే రోజు వస్తోందంటే నాకు దిగులు పట్టుకునేది.

జనగామలో ఒకసారి ఫంక్షన్ హాల్లో పెద్దాట పోటీ పెట్టారు. చార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముడుపోతాయని నేను పోయాను. ఆమె జఫర్‌గఢ్ దగ్గర తల్లిగారింట్లో దిగి, పొద్దున్నే అక్కడికి వచ్చేసింది. హాలు నిండా వరసలుగా కుర్చీలు, అందరి తలలూ వంగే ఉన్నాయి. తల ఎత్తితే ఓడిపోతారాయె. ఆమె ఒక్కొక్క వరసలోకి పోయి, నడుము వంచి, కిందినుంచి ఒక్కొక్కరి మొహం చూస్తూ వెళ్ళింది. నీళ్ళు ఇచ్చే మనిషనుకుని ఒకడు ఖాళీ గ్లాసు చేతికిచ్చాడు. "నీడ వడ్తుంది, జరుగమ్మా" అని ఇంకొకడు విసుక్కున్నాడు. చివరికి నిర్వాహకులు బయటికి పంపేశారు. గుమ్మం పక్కన కూర్చుని, ఓడిపోయి బయటికి వచ్చే ప్రతివాడి మొహం చూసింది. వాడు కాదని తెలిశాక కూడా, "పోయిందా బిడ్డా? పోనియ్యి" అని ఓదార్చింది.

సాయంత్రం గెలిచిన కుర్రాడు దండలతో బయటికి వచ్చాడు. జనం ఫోటోలకు ఎగబడుతున్నారు. ఆమె జనాన్ని తోసుకుని పోయి వాడి గడ్డం పట్టుకుంది. "మీ అవ్వకు ఫోన్ జేసి చెప్పినవా?" అని అడిగింది. వాడు బిత్తరపోయి లేదన్నాడు. "చెయ్యి. ఇప్పుడే చెయ్యి" అంది. వాడు నిజంగానే ఫోను తీశాడు. ఆ తల్లి గొంతు స్పీకర్లో వినిపించేదాకా ఈమె అక్కడినుంచి కదల్లేదు.

ఆ తర్వాత ఒక అంగడి నాడు అది జరిగింది. పెద్దాట వారం. మధ్యాహ్నం, షాపులో నేనూ ఆమే ఉన్నాం. జట్టులో ఒకడు పడిపోయాడు. ఈమె ఎప్పటిలాగే పోయి పక్కన కూర్చుని, సుక్క ఈనిన సంగతి చెప్పుకొచ్చింది. అవతల అంతవరకూ నోరు విప్పనివాడు, "ఎవలు?" అన్నాడు.

ఒక్క మాట. మా వైపు మాట, మా వైపు గొంతు. ఆమె వేలు నీళ్ళ గ్లాసులోనే ఆగిపోయింది. "బిడ్డా, నేను" అంటుండగానే వాడు మైకు ఆపేశాడు. ఆ వెంటనే ఆటలోంచి వెళ్ళిపోయాడు. వాడి ఆటపేరు వెతికి పట్టుకుని, దోస్తీ చేస్తావా అని కబురు పంపాను. ఒప్పుకోలేదు, కాదనలేదు.

"వాడే" అంది. "నా గొంతు గుర్తువట్టి బంద్ జేసిండు. కోపం పోలే ఇంకా. ఉండనీ. బతికున్నడు తమ్మీ, బతికున్నడు."

ఎవలు అనేవాళ్ళు మా జిల్లాలోనే లక్షల మంది ఉంటారని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. అంతకుముందు ఆమె నవ్వగా నేను చూడలేదు. చిత్రమేమిటంటే, మరుసటి అంగడికి ఆమె పంచాయితీ తెగిపోయింది. బల్ల మీద ఎవరో మళ్ళీ మొదలుపెడితే "పెద్దాటనే గొప్పది. వాదులాడుకోకుండ్రి" అని తేల్చేసింది. పెద్దాట కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాత ఆమె ఫోనులో ఆట మార్చమని అడగలేదు. నేను చెప్పినా వినలేదు.

భూపాలపల్లికి పోయింది ఆ తర్వాతే. మన వైపు కుర్రాళ్ళు అక్కడ బొగ్గు లారీల మీద పనిచేస్తున్నారని వాళ్ళ చుట్టమొకాయన చెప్పాడు. ఒక్కదాన్నే పోతే ఎవరూ చెప్పరంది. షాపు మూసి నేనూ నర్సంపేట మీదుగా బస్సులో ఆమెతో పోయాను. లారీలు ఆగేచోట, చాయ్ బండ్ల దగ్గర, ఇంటర్ హాల్ టికెట్ మీది ఫోటో పట్టుకుని తిరిగాం. ఎండ, బొగ్గు దుమ్ము. కొడుకును పోల్చుకోవడానికి ఆమె ఒక్కొక్కరి నల్లబడ్డ మొహం మీద చూపు నిలిపి చూస్తుంటే, వాళ్ళు ఇబ్బందిపడి తలలు తిప్పుకున్నారు.

ఒక డ్రైవరు మాత్రం ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. "గిసొంటి పోరడే ఒకడుండె మా బండి మీద. గడ్డమచ్చింది, పేరేందో వేరే చెప్పుతుండె. మాట తక్కువ. లోడు కోసం ఆగినప్పుడు మేమందరం ఫోన్లు వట్టుకొని ఆడుతుంటే, వాడు లేసి అవతలికి పోయి పండుకునేటోడు. రారా అంటే, నాకద్దు అనేటోడు. అసలు ఫోనే లేదు వాని తాన. ఇప్పుడు మహారాష్ట్రల చాందా దిక్కు పోయిండు."

నేను ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే ఫోటో వెనక్కి తీసుకుని కొంగున ముడి వేస్తోంది.

"మావోడు గాదు" అంది. "మావోడు అన్నమన్న ఇడుస్తడు గని ఆట ఇడువడు. మొన్ననే ఇన్న గదా వాని గొంతు."

డ్రైవరు తన దారిన పోయాడు. నాకూ ఆమె మాటే సబబుగా తోచింది. పొద్దు వాలకముందే బస్సెక్కాం.

వానాకాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. ఎవరో పసరు పోస్తారంటే అక్కడికి తిరిగారు. పత్యం పేరుతో తిండి మానిపించారు. ఆ మధ్యలో ఒకసారి షాపుకు వచ్చింది, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ముందు దవాఖానకు పొమ్మని గదమాయించాను. విన్నట్టు లేదు. "నేను లేకుంటె గీ ఫోన్ల ఇంకెవలన్న ఆడితె, వానికి నేనే అనిపిస్తద తమ్మీ?" అని అడిగింది. పేరు ఒకటే గనుక అనిపించవచ్చునన్నాను. "మరి గొంతు?" అంది. నేను మళ్ళీ దవాఖాన మాటే ఎత్తాను. వరంగల్ దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమయిందట. కబురు నాకు దహనం అయ్యాక తెలిసింది.

దినాలకు పోయాను. ఇంటి ముందు టెంటు వేశారు. లోపల ఆమె ఫోటోకు దండ వేసి ఉంది. దాని పక్కన గుండు చేయించుకున్న కుర్రాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది నాకు. చాందాలో తోటి డ్రైవరు ఫోనులో, మన వైపువాళ్ళు పెట్టిన స్టేటస్‌లో తల్లి ఫోటో చూసి పరుగెత్తుకొచ్చాడట. వచ్చేసరికి అంతా అయిపోయింది.

భోజనాలప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సెల్ షాపాయన అని ఎవరో చెప్పినట్టున్నారు. వాడి చేతిలో ఆమె ఫోను ఉంది.

"అన్నా, అవ్వ ఫోన్ల గీ ఆట ఎందుకున్నది?"

"నువ్వు ఆడతలేవా?" అన్నాను.

"ముట్టలే అన్నా. ఫోనే కొనలే. కొంటె చెయ్యి ఊకుండదని. అవ్వ నెత్తి మీద ఒట్టు గదా. నేను ముడితే అవ్వకేమన్న అయితదని."

"మరి ఒక్కపారన్న ఎవల ఫోన్ల నుంచన్న మాట్లాడొద్దా?"

"సుక్క దూడ నావల్లనే సచ్చిపోయె. ఏం మొఖం వెట్టుకొని మాట్లాడాలె? కొంచెం నిలదొక్కుకొని, ఒక మంచి బర్రెను కొనుకొని వద్దామనుకున్న."

అప్పుడు మొత్తం చెప్పాను. దాచడం నా చేతకాలేదు. బల్ల మీద కూర్చోవడం, ఆటలు మార్చడం, జనగామ, ఎవలు అన్న ఆ గొంతు, భూపాలపల్లి, అన్నీ చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ వాడు ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని, ఆట బొమ్మ మీదికి బొటనవేలు తెచ్చి, ఆనించకుండా ఆపి ఉంచాడు. టెంటు కింద వడ్డించేవాళ్ళు పిలుస్తున్నా వినిపించుకోలేదు.

"ఇగ ముట్టొచ్చా అన్నా?" అన్నాడు. "అవ్వ లేదు గదా. ఇగ ముట్టినా ఎవలకేం గాదు గదా."